కందెన – పాత లేతు

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని మన పెద్దలు ఒక సామెత చెప్పేవారు. ఎడ్లబండ్లు మన కళ్ళ ముందు నుండి దాదాపుగా తొలగిపోయినవి గనుక, ఈ సామెతలోని చమత్కారం నేటి విద్యార్థులకు వెంటనే స్ఫురించదు. వరిగడ్డిని కాల్చిన మసిని ఆముదంలో కలిపి, చిక్కగా నూరి, వెదురు గొట్టంలో నింపి బండి క్రింద వ్రేలాడదీసేవారు. అదే కందెన. ప్రయాణం మధ్యలో ఇరుసు కీచుమని మొరపెట్టగానే బండివాడు దిగి, చీల తీసి, చక్రాన్ని కాస్త ఇవతలికి జరిపి, ఇరుసుకు కందెన పూసేవాడు. సంగీతం ఆగిపోయేది. ఎద్దుల మెడమీద బరువు తగ్గేది.

ఇనుము ఇనుముతో రాచుకొనే ప్రతి చోటా ఒక మెత్తని వస్తువును మధ్యవర్తిగా నిలపవలెనని మానవుడు చాలా ప్రాచీన కాలంలోనే గ్రహించినాడు. సంస్కృతంలో నూనెకూ, ప్రేమకూ ‘స్నేహము’ అనే ఒకే మాట ఉన్నది. జిడ్డు రెంటికీ సమాన ధర్మమని ఆ భాషను తీర్చిదిద్దినవారు భావించినారేమో! మన ‘నూనె’ అనే పదం ‘నూ’ అనగా నువ్వు, ‘నెయ్యి’ అనే రెండు మాటల కలయిక. ఈ పాఠంలో మనం నువ్వుల నూనెను గూర్చి గాని, ప్రేమను గూర్చి గాని ముచ్చటించబోవడం లేదు. ఏళ్ళ తరబడి మూలపడి తుప్పుపట్టిన ఒక లేతు యంత్రాన్ని, ఆ విద్యలో తొలి అడుగు వేస్తున్న ఒక యువకుడు ఏ విధంగా మరల తిరిగేటట్లు చేయగలడో తెలుసుకొందాం.

లేతు అనగానేమి? పనిముట్టును తిప్పి వస్తువును కోసే యంత్రాలు పెక్కు ఉన్నాయి. లేతులో అందుకు భిన్నంగా వస్తువే తిరుగుతుంది, ఉలి నిలకడగా ఉంటుంది. కుమ్మరి సారెకు ఇది దగ్గరి చుట్టం. సారె నేలమీద పరుండి తిరిగితే, లేతు నిలువుగా లేచి తిరుగుతుంది, అంతే భేదం. కొయ్యను ఈ విధంగా తిప్పి చెక్కే సాధనానికి తెలుగులో ‘తరిమెన’ అనే చక్కని పేరున్నది. ఏటికొప్పాక లక్కబొమ్మలు అట్టి సాధనంపైననే రూపొందుతాయి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. లోహాన్ని తిప్పి కోసే పెద్ద యంత్రం పశ్చిమదేశాల నుండి వచ్చేసరికి తరిమెన అనే మాటను మనం దానికి ఇవ్వలేదు. లేతు అన్నాము. పేరుకు లేతే గాని, మన ఊళ్ళలో కనిపించేవి చాలావరకు ముదురు వయస్సువే.

ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో మరలు కోసే లేతుకు సుస్థిరమైన రూపం కల్పించినాడు. అంతవరకు ఒక బోల్టు మర మరొక నట్టుకు సరిపోవడం అదృష్టమనే చెప్పాలి. మాడ్‌స్లే లేతు వచ్చిన పిమ్మట ఒకే కొలత గల మరలను ఎన్నింటినైనా కోయడం సాధ్యమైనది. మన దేశంలో 1941లో హరిహర్ పట్టణంలో మైసూర్ కిర్లోస్కర్ సంస్థ, 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్, 1953లో బెంగుళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వెలసినాయి. పంజాబులోని బటాలా, గుజరాతులోని రాజ్‌కోట్, తమిళనాట కోయంబత్తూరు పట్టణాలలో కూడా లేతుల తయారీ విస్తరించింది. ఈనాడు మన పట్టణాలలో చేతులు మారుతున్న పాత లేతులపైన ఈ ఊళ్ళ పేర్లే ఎక్కువగా చదువుతాము.

ఇక మన ప్రాంతానికి వద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ కన్నడ సీమకు ఆనుకొని ఉన్న మెట్టప్రాంతపు పట్టణాలు. కుప్పం నుండి సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు త్రవ్విన ఆ గనులలోకి మనుషులను దించాలన్నా, నీటిని తోడాలన్నా, గాలిని పంపాలన్నా యంత్రాలే ఆధారం. యంత్రాలున్నచోట వాటిని బాగుచేసే కార్ఖానాలుండక తప్పదు. చిత్తూరు ప్రాంతం నుండి తెలుగువారు తరతరాలుగా అక్కడి పనికి వెళ్ళినారు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడినవి. గనులు పోయినా యంత్రంతో అవసరం పోలేదు. మదనపల్లె టమోటా తోటకు నీరు బోరుబావి నుండి రావలసిందే. పుంగనూరు పరిసరాల చెరకు గానుగ రోలర్లు తిరగవలసిందే. కుప్పంలో నల్లరాతిని కోసే యంత్రానికి షాఫ్టు ఉండవలసిందే. వీటిలో ఏది అరిగినా, విరిగినా, ముందుగా లేతు అంగడికే తీసుకొని పోతారు.

కాయ దిగుతున్న వేళ పంపు బుష్షు అరిగిపోయినదని అనుకోండి. కొత్త బుష్షు బెంగుళూరు నుండి వచ్చేవరకు రైతు ఆగగలడు గాని పైరు ఆగదు. అంగడిలోని టర్నరు ఒక కంచు కడ్డీని చక్‌లో బిగించి, గంటన్నరలో ఆ బుష్షును కోసి ఇస్తే ఆ పంట నిలిచినట్టే. ఇంతటి ఉపకారం చేసే యంత్రం, యజమాని వృద్ధుడైపోయినందుననో, వారసులు వేరే ఉద్యోగాలకు పోయినందుననో షెడ్డులో ఒక మూల గోనెపట్టా కప్పుకొని పడి ఉంటుంది. పాత ఇనుము వ్యాపారి దానిని కిలోల లెక్కన అడుగుతాడు. ఐటీఐ చదివి వచ్చిన యువకుడొకడు అదే ధరకో, కొంచెం హెచ్చు ధరకో దానిని కొని తెచ్చుకొన్నాడనుకొందాం. కొత్త లేతు కొనే స్తోమత అతనికి లేదు. ఈ పాత లేతు నిలబడితేనే అతని అంగడి నిలబడుతుంది. తొందరపాటుతో దానిని చెడగొడితే పెట్టుబడీ పోతుంది, యంత్రమూ పోతుంది.

అతడు మొదట చేయవలసిన పని ఏమీ చేయకుండా చూడడం. కరెంటు తీగ తగిలించి స్విచ్చి నొక్కి “తిరుగుతుందా, లేదా?” అని పరీక్షించాలని ఎవరికైనా మనస్సు ఉవ్విళ్ళూరుతుంది. ఆ కోరికను అణచుకోవాలి. ఇందుకు కారణమేమిటో వివరంగా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే తక్కిన పాఠమంతా దానిమీదనే ఆధారపడి ఉన్నది.

1883లో బోషాం టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై కొన్ని ప్రయోగాలు చేసినాడు. బేరింగు పైభాగంలో నూనె పోయడానికి ఒక రంధ్రం చేసి, తరువాత దానిని బిరడాతో మూసినాడు. ఇరుసు తిరగడం మొదలుకాగానే ఆ బిరడా పైకి తన్నుకొని వచ్చింది. కొయ్యబిరడా కొట్టినా అదే జరిగింది. ఆ నూనె ఎంత ఒత్తిడితో ఉన్నదో కొలిచి చూసి అతడు ఆశ్చర్యపోయినాడు. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత రూపమైన వివరణ ఇచ్చినాడు. తిరుగుతున్న ఇరుసు తనతోపాటు నూనెను లాగుకొనిపోయి, ఇరుకైన సందులోకి నెడుతుంది. ఆ ఇరుకులో పుట్టిన ఒత్తిడి ఇరుసును పైకెత్తుతుంది. అనగా బాగా తిరుగుతున్న ఇరుసు బేరింగును తాకదు, నూనెపై తేలుతుంది. ఆ నూనెపొర మందం మిల్లీమీటరులో కొన్ని వేలవంతులు మాత్రమే.

ఇందులోని సూక్ష్మం గమనించండి. ఈ తేలడమంతా తిరుగుతున్నప్పుడే. ఆగిన ఇరుసు తన బరువుతో నూనెను నొక్కివేసి లోహంపైనే కూర్చుంటుంది. కనుక యంత్రానికి ప్రమాదకరమైన ఘడియ పరుగెత్తేటప్పుడు కాదు, లేచి నిలిచేటప్పుడు. పదేళ్ళు కదలని లేతులో నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది, దానిలో దుమ్ము, ఇనుపరజను కలిసి ఉంటాయి. ఆ స్థితిలో మోటారుతో తిప్పడమంటే బేరింగును ఆకురాయితో రాచడమే. అందుచేతనే ముందుగా శుభ్రపరచి, నూనె పోసి, స్పిండిలును చేతితో తిప్పి చూడాలి. అది తేలికగా తిరిగిన తరువాతనే మోటారు మాట.

ఎడ్లబండి ఇరుసు మెల్లగా తిరుగుతుంది గనుక దానికి ఈ తేలే భాగ్యం అంతగా లేదు. జారిపోకుండా అంటుకొని ఉండే చిక్కని కందెన దానికి తగినది. లేతు స్పిండిలు నిమిషానికి వందలసార్లు తిరుగుతుంది. దానికి పలుచని, స్వచ్ఛమైన నూనె కావాలి. మన పూర్వులు మసి కలిపినది అజ్ఞానంతో కాదు. అయితే ఆ పద్ధతిని లేతుకు వర్తింపజేసి, నూనె రంధ్రాలలో గ్రీజు కూరితే మాత్రం అది అజ్ఞానమే. ఆ గ్రీజు రజనును పట్టి ఉంచుతుంది, తరువాత పోసే నూనెకు దారి మూసివేస్తుంది. పాత లేతులలో మొదటి రోజున కనిపించే దోషాలలో ఇది తరచుగా ఉంటుంది.

యంత్రాన్ని ఇంటికి తేవడం గూర్చి రెండు మాటలు. మన అంగళ్ళలో ‘ఆరడుగుల లేతు’ అనే మాట వినబడుతుంది. అది బెడ్ పొడవు. అట్టి యంత్రం అర టన్నుకు పైగానే తూగుతుంది. అందులో బరువంతా హెడ్‌స్టాక్ ఉన్న ఎడమ ప్రక్కన, పైభాగాన ఉంటుంది. కనుక సులభంగా ఒరిగిపోతుంది. ఎత్తవలసివస్తే బెడ్ క్రింది నుండి బలమైన పట్టీ వేసి చైన్‌బ్లాక్‌తో ఎత్తాలి. స్పిండిలుకు గాని, ముందువైపున పొడవుగా ఉండే లీడ్‌స్క్రూకు గాని త్రాడు కట్టరాదు. ఒకసారి వంగిన లీడ్‌స్క్రూ మళ్ళీ నిక్కచ్చిగా మర కోయదు.

శుభ్రపరచడానికి కిరోసిన్ లేదా డీజిలు, పాత బ్రష్షు, గుడ్డపీలికలు, ఒక కొయ్యచెక్క చాలు. పెట్రోలు వాడరాదు. దాని ఆవిరి గది అంతా వ్యాపించి చిన్న నిప్పురవ్వకే అంటుకొంటుంది. తడిసిన గుడ్డలను మూతగల డబ్బాలో వేసి ఆరుబయట పెట్టాలి. గాలి పంపుతో రజనును ఊదివేయడం కొందరికి అలవాటు. ఆ గాలి రజనును బయటికి కంటె లోపలి సందులలోకే ఎక్కువగా తరుముతుంది, కంటిలోకి కూడా.

ఇక తుప్పు. లేతుకు ప్రాణం దాని బెడ్. హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్, ఉలిని మోసే క్యారేజీ ఇవన్నీ బెడ్ పైనున్న రెండు పట్టాల ఆధారంతోనే ఒకే సరళరేఖలో నిలుస్తాయి. ఆ పట్టాలను తయారుచేసినప్పుడు వెంట్రుక మందంలో ఎన్నో వంతు తేడా కూడా లేకుండా సమం చేసి ఉంటారు. తుప్పును చూచి చేయి ఊరుకోక ఎమెరీ కాగితం తీసుకొని తెల్లగా మెరిసేవరకు రుద్దినట్లయితే, అందం వస్తుంది, కొలత పోతుంది. రుద్దిన చోట పల్లం పడుతుంది. అంతేకాక ఆ కాగితం నుండి రాలిన గరుకు గింజలు పోతయినుములో ఇరుక్కొని, క్యారేజీ కదిలిన ప్రతిసారీ దాని అడుగు భాగాన్ని కోస్తూ ఉంటాయి. పోయిన లోహాన్ని మళ్ళీ అతికించే ఉపాయం లేదు. ఆ పట్టాలకు కిరోసిన్ పట్టించి ఒక రాత్రి నానబెట్టి, మరునాడు నూనెలో ముంచిన మెత్తని పీచుతో, పొడుగువాటుగా, తేలికగా తుడవాలి. నలుపు మచ్చలు మిగులుతాయి. మిగలనివ్వండి. మచ్చ కంటికి మాత్రమే దోషం, చేతికి తగిలే గరుకుతనమే యంత్రానికి దోషం.

ఊడదీసిన చిన్న చిన్న భాగాలను వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టవచ్చు. మన ఇళ్ళలో ఇత్తడి చెంబును చింతపండుతో తోమడంలోని సూత్రమే ఇందులోనూ ఉన్నది. ఆమ్లం చిలుమును కరగిస్తుంది. తీసిన వెంటనే చాకలిసోడా కలిపిన నీటిలో కడిగి, పొడిగా తుడిచి, నూనె పూయాలి. ఆలస్యమైతే కళ్ళ ఎదుటనే కొత్త తుప్పు ఎర్రగా పొడచూపుతుంది. బెడ్‌కు, బేరింగులకు, గట్టిపరచిన గేర్లకు మాత్రం ఆమ్లం తగలనీయరాదు.

భాగాలు విప్పేటప్పుడు ఒక్కొక్క దానికి గుర్తు వేసి, ఏది ఎక్కడిదో నోటుపుస్తకంలో బొమ్మ గీసుకోవాలి. నేటి విద్యార్థుల చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంటుంది గనుక ఫోటోలు తీసుకోవడం సులభం. అయినా బొమ్మ గీయమనే చెబుతాను. ఫోటో తీసినవాడు యంత్రాన్ని చూడకపోయినా ఫోటో వస్తుంది. బొమ్మ గీయాలంటే చూడక తప్పదు. ఒక మర ఎంతకూ కదలకపోతే సుత్తి అందుకోవడం కంటె నూనె పట్టించి మరునాటి వరకు వేచి ఉండడం మేలు. కొట్టవలసివస్తే కొయ్యసుత్తితోనో, ఇత్తడి ముక్కను అడ్డం పెట్టియో కొట్టాలి. మరొక హెచ్చరిక: ఉలిని అడ్డంగా నడిపే క్రాస్‌స్లైడు మర చాలా లేతులలో ఎడమ మరగా ఉంటుంది. సాధారణమైన మర అనుకొని విప్పబోయినవాడు దానిని మరింత బిగిస్తూ, కదలడం లేదని ఇంకా బలం ఉపయోగిస్తాడు.

నూనె రంధ్రాల వెదకులాట ఈ పని మొత్తంలో ఆసక్తికరమైన ఘట్టం. హెడ్‌స్టాక్ పైన, క్యారేజీ పైన, లీడ్‌స్క్రూ చివరలలో, టెయిల్‌స్టాక్‌పైన చిన్న రంధ్రాలు గాని, మూత ఉన్న గిన్నెలు గాని, నొక్కితే లోపలికి పోయే గుండుబిళ్ళలు గాని ఉంటాయి. వెనుకటి యజమాని రంగు వేయించినప్పుడు వాటిలో కొన్ని రంగు క్రింద పూడిపోయి ఉంటాయి. సన్నని తీగతో పొడిచి, కిరోసిన్‌తో కడిగి, నూనె పోసి, అది అవతల బయటపడుతున్నదో లేదో చూడాలి. నూనె పోసినంత మాత్రాన చాలదు, చేరవలసిన చోటికి చేరిందని ఋజువు కావాలి. కొన్ని పాత హెడ్‌స్టాకులలో ఉన్ని వత్తులు ఉంటాయి. దీపంలో వత్తి ఏ గుణం చేత నూనెను పైకి లాగుతుందో, అదే గుణం చేత ఈ వత్తి కూడా గిన్నెలోని నూనెను లాగి బేరింగుపై బొట్టుబొట్టుగా వదలుతుంది. పాత వత్తి జిగురెక్కి ఉంటే తీసి కొత్తది పెట్టాలి.

ఏ నూనె పోయాలి? యంత్రం మీది పలకలో తయారీదారు వ్రాసి ఉంటే దానిని మించిన సలహా లేదు. లేనిచోట, నూనె డబ్బాలపైన ఉండే ఐ.ఎస్.ఓ. వీ.జీ. సంఖ్యలను తెలుసుకొంటే చాలు. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ నూనె ఎంత చిక్కగా ఉంటుందో ఆ సంఖ్య తెలుపుతుంది. హెడ్‌స్టాక్‌కు సాధారణంగా 32 గాని, 46 గాని, 68 గాని సంఖ్య గల హైడ్రాలిక్ నూనె తగి ఉంటుంది. బెడ్ పట్టాలకు 68 సంఖ్య గల, జారిపోకుండా అంటుకొని ఉండే ప్రత్యేకమైన స్లైడ్‌వే నూనె దొరుకుతుంది. మోటారుబండ్ల ఇంజనాయిల్ వాడవచ్చునా అని చాలామంది అడుగుతారు. ఆ నూనెలో మురికిని తేలుతూ ఉంచే మందు కలుపుతారు. మోటారుబండిలో దానిని వడగట్టే ఫిల్టరు ఉంటుంది. పాత లేతు హెడ్‌స్టాక్‌లో ఫిల్టరు ఉండదు. మురికి అడుగున పేరుకోవడమే అక్కడ మేలు. గేర్ల కోసమని అమ్మే కొన్ని గంధకపు నూనెలు కంచు బేరింగులను తినివేస్తాయి. కుట్టుమిషను నూనె మరీ పలుచన.

వేరుసెనగ పండే సీమలో ఉన్నాము గనుక వంటనూనె మాట కూడా చెప్పుకోవాలి. వేరుసెనగ నూనె తాజాగా ఉన్నప్పుడు బాగానే జారుతుంది. కొన్నాళ్ళకు గాలి తగిలి బంకగా మారుతుంది. వంటింటిలో నూనెసీసా వెలుపల పట్టే జిడ్డును చేతితో తాకితే ఈ విషయం వేరుగా చెప్పనవసరం లేదు. ఆముదానికి జారుడు గుణం మరింత ఎక్కువ. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదమే పోసేవారు. కాస్ట్రాల్ అనే ప్రసిద్ధమైన పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరు నుండి పుట్టినదే. అయినా అది కూడా చివరకు జిగురెక్కేదే. లేతుకు ఖనిజ తైలమే శ్రేయస్కరం.

భాగాలన్నీ తిరిగి అమర్చిన పిమ్మట స్పిండిలును చేతితో తిప్పాలి. ఎక్కడైనా పట్టినట్లుంటే ఆగి కారణం వెదకాలి. మోటారు తీగలు పాతవైతే వాటిని ఎలక్ట్రీషియనుకు అప్పగించి, ఎర్తు తప్పక వేయించాలి. మూడు ఫేజుల మోటారు ఉన్న లేతును ఒక ఫేజు మాత్రమే ఉన్న ఇంటికి తెచ్చుకొన్నవారు ఈ సంగతి కొనకముందే ఆలోచించాలి. మొదటిసారి అతి తక్కువ వేగంతో కొద్ది నిమిషాలు తిప్పి, ఆపి, బేరింగు ఉన్న చోట హెడ్‌స్టాక్‌పై అరచేయి ఆనించి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరి. చేయి పెట్టలేనంత కాగితే బేరింగు బిగువుగా ఉన్నదనో, నూనె అందలేదనో అర్థం.

లేతు తిరిగినంత మాత్రాన సరిగా కోస్తుందని చెప్పలేము. నేల సమంగా లేకపోతే అంతటి బరువైన ఇనుప బెడ్ కూడా మెలిపడుతుంది. దీనిని పరీక్షించే పద్ధతి ఒకటున్నది. అంగుళానికి పైగా లావున్న కడ్డీని చక్‌లో గట్టిగా బిగించి, రెండవ కొనకు టెయిల్‌స్టాక్ ఆసరా ఇవ్వకుండా, సుమారు 150 మిల్లీమీటర్ల ఎడంగా రెండు చోట్ల పలుచగా కోయాలి. రెండుచోట్లా ఉలిని కదల్చకుండా ఒకే అమరికతో కోసినందున వ్యాసం ఒక్కటే కావాలి. మైక్రోమీటరుతో కొలిస్తే తేడా ఎంతో తెలుస్తుంది. తేడా ఉంటే కాళ్ళ క్రింద పలుచని రేకుముక్కలు పెట్టి, మళ్ళీ కోసి, మళ్ళీ కొలవాలి. ఒక పూట పట్టవచ్చు, రెండు రోజులు పట్టవచ్చు. తేడా 0.02 మిల్లీమీటర్లకు దిగితే పంపు బుష్షులు కోసుకొనే అంగడికి అది చాలును.

చక్‌కు దగ్గరలో బెడ్ అరిగి ఉండడం పాత లేతులన్నింటికీ సహజం. పని ఎక్కువగా అక్కడే జరుగుతుంది గదా! హ్యాండిలు త్రిప్పినప్పుడు ఉలి కదలడానికి ముందు కొంత ఖాళీ తిరుగుడు కూడా ఉంటుంది. ఎల్లప్పుడూ ఒకే దిక్కు నుండి కొలతకు చేరుకొంటే ఆ ఖాళీ హాని చేయదు. ఈ రెండు లక్షణాలను చూచి యంత్రాన్ని పాత ఇనుముకు వేయడం దుడుకుతనం. అనుభవజ్ఞుడైన టర్నరు అరిగిన లేతుపైన కూడా నిక్కచ్చి పని చేస్తాడు. ఎక్కడ ఎంత అరిగినదో అతని చేతికి తెలుసు. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ లేదు. పుంగనూరులోనో, కుప్పంలోనో అట్టి పెద్దాయన ఇంకా అంగడిలో కూర్చుంటున్నట్లయితే, ఆయన దగ్గర నాలుగు నాళ్ళు నిలబడి చూడడం ఈ పాఠం పదిసార్లు చదవడం కంటె మేలు.

రంగు అన్నింటికంటె చివరి పని. రంగు వేసి మెరిపించిన పాత లేతును అమ్మకానికి పెట్టినప్పుడు దాని అందాన్ని గాక బెడ్‌ను, గేర్ల పళ్ళను చూడాలి. సొంత లేతుకు రంగు వేసుకొనేటప్పుడు జారే తలాలకు, నూనె రంధ్రాలకు, తయారీదారు పలకకు రంగు తగలకుండా కాగితం అంటించాలి.

పని మొదలుపెట్టే ముందు దుస్తులు, చేతులు చూసుకోవాలి. ఉంగరం, గడియారం, మణికట్టుకు కట్టుకొన్న దారం, వ్రేలాడే చున్నీ, వదులైన చేతుల చొక్కా, విరబోసిన జుట్టు వీటిలో ఏ ఒక్కదానిని చక్ పట్టుకొన్నా మనిషిని లోపలికి లాగుతుంది. తిరిగే లేతు దగ్గర చేతి తొడుగులు కూడా అపాయకరమే. చక్ తాళాన్ని దానిలోనే వదలి స్విచ్చి వేస్తే అది తుపాకిగుండు వలె ఎగిరివస్తుంది. చుట్టలు చుట్టుకొనివచ్చే లోహపు పొట్టును, యంత్రం ఆపిన తరువాత, కొక్కెంతోనే తీయాలి. కళ్ళద్దాలు లేకుండా కోయరాదు.

ప్రతి ఉదయం స్విచ్చి వేయకముందు నూనె రంధ్రాలన్నింటిలో కొద్దికొద్దిగా నూనె పోయాలి. హెడ్‌స్టాక్ గాజుకన్నులో నూనెమట్టం చూడాలి. సాయంత్రం పొట్టు ఊడ్చి, బెడ్‌ను తుడిచి, పలుచగా నూనె పూసి, క్యారేజీని టెయిల్‌స్టాక్ వైపుకు జరిపి పెట్టాలి. వానకాలపు తేమకు ఒక్క రాత్రిలోనే తుప్పు పొడచూపుతుంది గనుక ఆ నెలలలో ఈ పూత తప్పనిసరి. బాగుచేసిన కొత్తలో హెడ్‌స్టాక్ నూనెను ఒక నెలకే తీసివేసి కొత్తది పోయాలి. తీసిన నూనెను తెల్లని గుడ్డ గుండా వడగట్టి చూస్తే లోపల ఏమి అరుగుతున్నదో తెలుస్తుంది: పసుపుపచ్చని మెరుపు కనిపిస్తే కంచు, నల్లని పొడి అయస్కాంతానికి అంటుకొంటే ఇనుము.

అభ్యాసం

అర్థాలు
కందెన = ఇరుసుకు పూసే జిడ్డు
తరిమెన = కొయ్యను తిప్పి చెక్కే సాధనం
ఇరుసు = చక్రాలు తిరిగే కడ్డీ
ఆకురాయి = లోహాన్ని రాచే పనిముట్టు
చిలుము = లోహంపై పట్టే మకిలి
రజను = పొడి
మర = బోల్టు మీది చుట్టుగాడి
శ్రేయస్కరం = మేలైనది

ప్రశ్నలు
1. బోషాం టవర్ ప్రయోగాన్ని వివరించి, పాత లేతును మోటారుతో తిప్పకముందు చేతితో ఎందుకు తిప్పాలో తెలపండి.
2. ఎడ్లబండికి పనికివచ్చిన కందెన లేతు స్పిండిలుకు ఎందుకు పనికిరాదు?
3. “మచ్చ కంటికి మాత్రమే దోషం” అనే వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలోని లేతు అంగడిని దర్శించి, అక్కడ వాడే పదాలలో తెలుగువి ఎన్నో, అన్యభాషలవి ఎన్నో పట్టిక తయారుచేయండి.